టీకి వెళ్లిన మోకాలు

ఆ పొద్దున ఆకాశం తడిసిన గోనెపట్టాలా కిందికి వేలాడుతుండగా, కొయ్యాన ఎర్నమ్మ ఎడమ మోకాలు ప్రభుత్వోద్యోగంలో చేరింది.

దీనికి ఊళ్లో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. సర్కారు ఖర్చుతో కోసి కుట్టిన అవయవం సర్కారుదేనన్నది అందరికీ తెలిసిన సంగతే. పోస్టుమేన్ సత్యానికి శుక్లాలు తీశాక అతని కుడికన్ను సర్వే శాఖకు పోయింది. ఇప్పుడు ఉత్తరం మీది అడ్రసు చదవమంటే అది తన శాఖ పని కాదంటుంది. ఎర్నమ్మ మోకాలిని మండలాఫీసులో వేశారు. ఒంటిగా నడవలేదు గనక మిగతా ఎర్నమ్మ దాన్ని రోజూ తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టేది. వేలిముద్ర లేదు గనక కుట్ల మచ్చను మిషనుకు ఆనించి హాజరు వేసేవారు. పదిన్నర నుంచి ఐదు దాకా డ్యూటీ. ఐదు దాటితే రోకలిబండలా బిగుసుకుపోయేది.

ఏటి ఒడ్డు నుంచి బోడికొండ నెత్తి దాకా ఏటా నలభై కిలోమీటర్ల పరుగు పెడతారు. అందులో ఆడా మగా అందరికన్నా ముందు కొండెక్కిన మనిషి ఎర్నమ్మ. కిందటేడు దిగేటప్పుడు కాలికింద రాయి దొర్లి మోకాలు పోయింది. ఈ ఏడు మళ్లీ ఎక్కాలని ఆమె పట్టు. గడువు కూడా ముంచుకొస్తోంది. పరుగు మర్నాటికి మోకాలి ప్రొబేషను పూర్తవుతుంది.

"పర్మనెంటయ్యాక దానిచేత పని చేయించడం బ్రహ్మ తరం కాదమ్మా," అన్నాడు సూపరింటెండెంటు పాణిగ్రాహి. సొంత అనుభవం ఉన్నవాడిలాగే అన్నాడు.

మోకాలు వంగాలంటే డిగ్రీల లెక్కన మంజూరు కావాలి. ఎర్నమ్మ ముప్ఫై డిగ్రీలకు పెట్టుకుంది. ఆ కాగితం జిల్లాకు పోయి తిరిగొచ్చేసరికి ఆమెకు అరవై అవసరమైంది. అరవైకి పెట్టుకున్నాక, వానలో బోరింగు దగ్గర జారిపడి మోకాలు మొత్తం మడతపడింది. మంజూరు లేకుండా వంగినందుకు ఆడిటు వాళ్లు అభ్యంతరం రాశారు. వంగిన డిగ్రీలన్నీ రికవరీ చేసి సున్నా దగ్గర నిలబెట్టారు. మోకాలు బూరెలా పొంగింది.

ఇంటి దగ్గర అత్త గంగులమ్మ ఊరుకోలేదు. "పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారే కోడలా. సర్కారు మోకాలొచ్చింది. కుర్చీలో కూకోక నీకెందుకే ఈ యాతన?"

ఎర్నమ్మ మర్నాడు మళ్లీ మోకాలిని కుర్చీలో పెట్టి, పక్కన బల్ల మీద కూర్చుని ఆఫీసును చూసింది. ఆమెకు వేరే పని లేదు. చూడగా చూడగా ఒక సంగతి తేలింది. ఆ ఆఫీసులో దేనికైనా అనుమతి కావాలి, టీకి తప్ప. పదకొండు కొడితే అందరూ లేచిపోయేవారు. ఎవరైనా వచ్చి ఫలానా సారేడీ అంటే, "టీకెళ్లారు," అనేవాడు బంట్రోతు. అడిగినవాడు తలాడించి కూర్చునేవాడు. ఎంత దూరం వెళ్లారని గాని, ఎప్పుడొస్తారని గాని అడిగిన మనిషి పుట్టలేదు.

పదకొండు కొట్టగానే ఎర్నమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, "టీకెల్దుమా బాబూ?" అంది.

మోకాలు లేచింది. ఏ డిగ్రీ అడగలేదు.

బడ్డీ దగ్గర వేడి గ్లాసు మోకాలి మీద పెడితే అది ఆ వేడిని కళ్లు మూసుకుని తాగినట్టు తాగింది. మర్నాడు, "ఇక్కడ నీళ్లపాలు, జంక్షన్లో బాగుంటాది," అంది ఎర్నమ్మ. జంక్షను దాకా వెళ్లారు. ఆ పై వారం అల్లం వేస్తారని పక్కూరు వెళ్లారు. అక్కడినుంచి వచ్చాక మోకాలు మళ్లీ పొంగి మెడికల్ లీవు పెట్టింది. లీవు అయ్యేదాకా ఊరుకుని, ఎర్నమ్మ మళ్లీ ఎదుటి బడ్డీ నుంచి మొదలెట్టింది. అల్లం తర్వాత యాలకులు, యాలకుల తర్వాత బెల్లం టీ. బెల్లం టీ దగ్గరికి వెళ్లేటప్పటికి నడక పరుగైంది.

"ఇంకా పరుగేనేటే?" అంది గంగులమ్మ.

"పాలకీ కాదు, నీళ్లకీ కాదత్తా. టీకి."

పరుగు నాడు తెల్లవారి ఆరింటికే జెండా ఊపుతామన్నారు. ఆరింటికి మోకాలు డ్యూటీలో లేదు. బిగుసుకున్న కాలితో ఏటి ఒడ్డున నిలబడ్డ ఎర్నమ్మను చూసి కుర్రాళ్లు నవ్వారు. ఆమెకు కంగారు లేదు. జెండా ఊపాల్సింది ముఖ్య అతిథి. ముఖ్య అతిథులను ఆమె ఎరుగును.

ఆయన పదకొండుకు వచ్చాడు. అప్పటికి ఎండకు సగంమంది షామియానా కింద చతికిలబడ్డారు. ఆయన ఉపన్యాసం లేకుండా జెండా ఊపాడు, ఆయనా టీకి వెళ్లాలి గనక.

"టీకెల్దుమా బాబూ?"

"ఎక్కడ?" అంది మోకాలు.

"కొండ మీద. మా మావ పెడతాడు."

సగం దారిలో ముందున్న వాళ్లందర్నీ దాటింది. కొండ మొదట్లో మోకాలు మూలిగింది. "నేను మెడికల్ లీవు పెడతాను."

"పెట్టుకో బాబూ. మంజూరు చేసీవోడు టీకెళ్లాడు."

మోకాలు ఇది న్యాయమేనని ఒప్పుకుని ఎక్కింది. నొప్పి ఎర్నమ్మదే, అది ఏ శాఖకూ చెందదు. నాలుగున్నర దాటాక ఆమె బోడికొండ నెత్తి మీద కాలు మోపింది. వెనక్కి చూస్తే దారి మీద మనిషి లేడు.

భర్త రామినాయుడు ఫ్లాస్కుతో, గంగులమ్మ కేరియరుతో ముందే బండి మీద వచ్చి ఉన్నారు. పాణిగ్రాహి కూడా ఫోన్లో దొరికాడు. రేపు మోకాలు పర్మనెంటయ్యాక ఎలాగని ఎర్నమ్మ అడిగింది.

"భయపడకమ్మా," అన్నాడాయన. "పర్మనెంటయ్యాక టీ పెరుగుతుంది గాని తగ్గదు."

ఎర్నమ్మ గ్లాసు మోకాలి మీద పెట్టింది. ఆపరేషనయ్యాక మొదటిసారి రెండు కాళ్లూ మడిచి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గంగులమ్మ ఆ మడతను చూసి, కొంగుతో కోడలి మొహం తుడిచింది.

కేరియరు విప్పేసరికి ఐదైంది. మోకాలు మడిచిన చోటే బిగుసుకుపోయింది. ఇక రేపు పదిన్నర దాకా లేవడం లేదు. ఈ మాట ఎవరూ ఎత్తలేదు. రామినాయుడు బండి తాళం జేబులో వేసుకుని ఆమెకు ఎడమవైపు కూర్చున్నాడు. గంగులమ్మ కుడివైపు జరిగి, ఆకుల్లో అన్నం పెట్టి, ఎండు మెత్తళ్ల పులుసు పోసింది. కింద మండలాఫీసుకు తాళం వేస్తున్నారు. ముగ్గురూ అక్కడే తిన్నారు.