వెనక గది గాలి

ఆదివారం పొద్దున్న లెక్కల టీచరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లో కిటికీలన్నీ తెరవాలి, పన్నెండింటికి మూయాలి, ఈలోగా ఎవరితోనూ మాట పడకూడదు. మూడోది కుదరదని ఆవిడకు ముందే అనుమానం.

కారణం అత్తగారి మంచం పక్కన స్టూలు మీద ఉంది: అరచేతిలో ఇమిడే తెల్లటి మీటరు. బళ్ళో ఫిజిక్స్ టీచరు దగ్గర పది రోజులకని అడిగి తెచ్చింది. నేలలోంచి రేడాన్ అనే వాయువు పుడుతుందని, గచ్చు పగుళ్ళలోంచి కింది అంతస్తు ఇళ్ళలోకి చేరుతుందని, గాలాడని గదుల్లో పోగుపడుతుందని, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సరు రావచ్చని ఆయనే చెప్పాడు. మీటరు వంద లోపు చూపిస్తే నిశ్చింత, మూడు వందలు దాటితే ఏదో ఒకటి చేయక తప్పదు. వీళ్ళదీ కింది అంతస్తే; అత్తగారుండే వెనక గదిలో నాలుగు రోజుల సగటు నాలుగు వందల పన్నెండు. చలిగాలికి భయపడి ఆవిడ ఆ కిటికీ తెరిచి ఏడేళ్ళయింది. సందుల్లో గుడ్డ పేలికలు కూడా కుక్కింది.

టీచరు కన్నతల్లి పొగ వాసన ఎరగకుండానే ఆ ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయింది. ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. అందుకే ఆ అంకె చూసిన రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు.

"ఏమండీ, అత్తయ్యకు మీరు చెప్పండి. నేను చెప్తే వినరు."

ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే భర్త పేపర్లోంచి తలెత్తలేదు. "అమ్మతో నాకెందుకు పేచీ? వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యానుంది కదా, అది వేస్తే పోదూ?"

అని, వేసి, స్నానానికి వెళ్ళిపోయాడు. కిటికీలన్నీ మూసి ఉండగా ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగితే, ఆ వెలితి పూడ్చడానికి నేలలోంచే గాలి ఎగదన్నుకొస్తుంది. గంట తిరిగేసరికి మీటరు ఐదు వందలు దాటింది. భర్త ఇంకా స్నానాల గదిలోనే ఉన్నాడు. టీచరు ఫ్యాను కట్టేసి అత్తగారి గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఈ గదిలో గాలి విషం. కాసేపు కిటికీ తీస్తాను."

"నా గదిలో విషమా? ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదండీ. నేలలోంచి వస్తోంది."

"ఇన్నేళ్ళూ రానిది ఇప్పుడెందుకొచ్చింది?"

"ఇన్నేళ్ళూ వస్తూనే ఉంది."

"అంటే నీకు ఇన్నేళ్ళూ తెలుసన్నమాట!"

అత్తగారు టీచరును గుమ్మం అవతలికి నెట్టి, గడియ పెట్టుకుని, కూతురికి ఫోన్ చేసింది. "మీ వదిన నా గదిలో విషం ఉందంటోందే! తలుపేసుకుని కూర్చున్నాను."

కూతురు అన్నకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. స్నానం చేసేవాడికి ఫోనేం వినిపిస్తుంది? ఐదోసారి అపార్ట్‌మెంటు సెక్రటరీకి చేసింది. ఆయన లుంగీ ఎగగట్టి మూడో అంతస్తు నుంచి దిగొచ్చాడు.

"ఏమిటమ్మా, ఏదో విషమంటున్నారు?"

టీచరు నిజం చెప్పింది. ఆ రోజు ఆవిడ చేసిన పెద్ద పొరపాటు అదే. "రేడాన్ అని ఒక గ్యాసండీ, దానికి..."

మిగతా ముక్క ఆయన వీపుకు వినిపించింది. "గ్యాసు లీకు! అందరూ కిందికి దిగండి!" అంటూ ఆయన అప్పటికే తలుపులు బాదుకుంటూ పైకి పోతున్నాడు. నాలుగంతస్తుల జనం మెట్ల మీద పడ్డారు. సగం గడ్డం గీసుకున్నాయన నురగతోనే వచ్చాడు. పావుగంటలో ఫైరింజనూ వచ్చింది.

ఫైరాఫీసరు ముక్కు ఎగబీల్చాడు. "వాసనేం రావట్లేదే?"

"దానికి వాసనుండదండీ."

"రంగు?"

"రంగూ ఉండదు."

"అంటుకుంటుందా?"

"అంటుకోదు."

"మరి ఏమవుతుందమ్మా?"

"ఇప్పుడేమీ కాదండీ. ఇరవై ఏళ్ళకు కావచ్చు."

ఆఫీసరు ఆవిడ మొహం వంకా, తన వాచీ వంకా చూశాడు. కానీ లోపల పెద్దావిడ ఎంత పిలిచినా పలకడం లేదు. సైరను మోతకు బిక్కచచ్చిపోయి ఉంది. పలకని మనిషిని వదిలేసి పోయే వీలు వాళ్ళకు లేదు. ఇంటి వెనక వైపు నుంచి గునపాలతో కిటికీని చట్రంతో సహా ఊడబెరికి, దుప్పట్లో చుట్టి ఆవిడను బయటికి దింపారు. నేల మీద కాలు పెట్టగానే ఆవిడకు గొంతు వచ్చింది.

"చూశారా! కిటికీ తీయిస్తానంది, అన్నంత పనీ చేసింది!"

కూతురు కారులో వచ్చి తల్లిని ఎక్కించుకుంది. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన భర్త విషయమంతా విని, "కొన్నాళ్ళు అక్కడుంటే అందరికీ ప్రశాంతం" అన్నాడు. సాయంత్రానికి సెక్రటరీ నోటీసు అంటించాడు: కింది ఇంటి గ్యాసు పైకి రాకుండా అందరూ కిటికీలు బిగించుకోవలెను.

ఆడపడుచు ఇల్లు సగం భూమిలోకి దిగి ఉంటుంది. ఉన్న ఒక్క కిటికీకీ బీరువా అడ్డం. టీచరు బతిమాలి మీటరు అక్కడ పెట్టి, మూడోనాడు వెళ్ళి చూసింది. ఆరు వందల నలభై.

"బీరువా ఒక్కటి జరుపు చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నీ మిషను ఎక్కడికెళ్తే అక్కడే విషం పుడుతోంది వదినా" అంది ఆడపడుచు. "నువ్వది తేకముందు మా ఇల్లు బాగానే ఉంది."

అత్తగారు మెడదాకా దుప్పటి లాక్కుంది. "ఇక్కడ హాయిగా ఉందమ్మాయ్. చీమ దూరేంత సందు కూడా లేదు. వచ్చేదాకా నాకు తెలీలేదు, కన్నకూతురి దగ్గరుంటే ఎంత ధీమాగా ఉంటుందో."

టీచరు బస్సులో మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

కిటికీ బిగిస్తానన్న వడ్రంగి ఇంతవరకూ రాలేదు. వెనక గదిలో మీటరు యాభై నాలుగు చూపించాక ఆవిడ దాన్ని ఫిజిక్స్ టీచరుకు తిరిగిచ్చేసింది. గది ఎలాగూ ఖాళీయే కదా, మీటింగు కుర్చీలు అందులో పెట్టుకుంటామని సెక్రటరీ అడిగితే భర్త సరేనన్నాడు.

కుర్చీలకు గాలి బాగా తగులుతోంది.