అందాజుగా బ్లీచ్

“బకెట్‌కి ఒక మూత చాలని సీసా మీదే రాసుందండీ.”

“రాసినవాడు మన నేల చూశాడా? నేను అందాజుగా పోస్తాలే.”

ఈ వాదం మొదలై అప్పటికి అరగంట. బకెట్ ఇంటాయన చేతిలో, సీసా ఇల్లాలి చేతిలో ఉన్నాయి.

పాఠకులారా, సంసారానికి బ్లీచ్‌ని మించిన వరం లేదు. అదీ కొలతంటే గిట్టని మగవాడి చేతిలో పడితే! నమ్మరా? ఈ ఇంట్లో పదహారేళ్లుగా సోఫా కదల్లేదు. కింద ఊడ్వాలి, కాస్త జరపండని ఇల్లాలు అడిగినప్పుడల్లా ఆయనకి నడుం పట్టేసేది. పోయిన ఆదివారం హాల్లో పాలరాయి మీద అందాజుగా పోశాడు. చాపంత మేర మెరుపు పోయింది. అంతే, ఒక్కడే సోఫాని లాక్కొచ్చి మచ్చ మీద పెట్టాడు. నడుం ఏమైనట్టు?

వంటింట్లో వినైల్ షీటు వెలిసింది. దాని మీదికి ఫ్రిజ్ నడిచొచ్చింది. వరండాలో టైల్స్ పాపం ఓర్చుకున్నాయి. మంచినీళ్లతో మళ్లీ తుడవలేదు గనక అత్తగారి నల్లచీరకి తెల్లంచు ఉచితంగా వచ్చింది. బాత్రూంలో యాసిడ్ కూడా కలపబోతుంటే, “రెండూ కలిస్తే విషవాయువు నాన్నా” అని కూతురు సీసా లాక్కుంది. ఆ భయంతో, ఏళ్ల తరబడి మూసున్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఇంతకన్నా మేలు ఇంకేం కావాలి?

ఇవాళ వంతు పడగ్గదిది. అక్కడున్నది చెక్క నేల. ఆరేళ్లు అడిగి అడిగి ఇల్లాలు వేయించుకున్నది. ఈ ఇంట్లో ఆమె కోరిక మీద వచ్చింది అదొక్కటే.

“చెక్క బ్లీచ్ తాగేస్తుందండీ. రంగు పోయి ఉబ్బుతుంది. గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడిస్తే చాలు.”

“రంగు పోతే మంచం జరుపుతాలే.”

“మంచం చాలదురా. నీ అందాజు దానికన్నా పెద్దది,” అన్నారు అత్తగారు.

ఇదే మనిషి కూరలో ఉప్పు రవ్వంత అటూ ఇటూ అయితే కంచం పక్కకి జరిపి, “ఇన్నేళ్లొచ్చినా కొలత తెలీదా?” అని అడుగుతాడు.

ఇల్లాలు సీసాతో సహా వంటింట్లోకి వెళ్లింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. ఇంటాయన మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయాడు.

“ఉప్పు...”

“అందాజుగా వేశాను,” వడ్డిస్తూనే నెమ్మదిగా అంది ఇల్లాలు. “అందరూ వినండి. పడగ్గదికి ఇక తడిగుడ్డ ఒక్కటే. బ్లీచ్‌కి మూత కొలత వచ్చిన రోజు, ఉప్పుకి చెంచా కొలత వస్తుంది.”