మద్దిచెట్టు మీద గోటి గీత

ఒక పెద్ద అడవిలో, కార్తిక సోమవారం నాడు, పొద్దున్న సరిగ్గా ఎనిమిది గంటలకు ఓట్ల లెక్కింపు మొదలైంది.

పోటీలో ఇద్దరే. ఒకరు చాలాకాలంగా అడవికి పెద్దగా ఉన్న చిరుతపులి వీరభద్రం. రెండోది ఎలుగుబంటి నాంచారమ్మ. చెదపుట్టలన్నీ ఉన్న గుట్టను వీరభద్రం తన బావమరిది ఎండ కాగడానికని ఇంకెవరూ రాకుండా మూయించేశాడు. పుట్టలు తవ్వితే తప్ప నాంచారమ్మ పిల్లలకు తిండి లేదు. అందుకే పాపం, దేవుడికి దణ్ణం పెట్టుకుని నిలబడింది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. గెలిచినవారు మద్దిచెట్టు బెరడు మీద గోటితో గీత గీయాలి. గీయలేకపోతే పదవి లేదు. ఎవరి గీత పడితే వారే పెద్ద.

నాంచారమ్మకు కంగారు పుడితే గోళ్లు కొరుక్కునే అలవాటు. ఆ సంగతి తెలిసిన వీరభద్రం, లెక్కింపు అధికారి కొంగను పక్కకు పిలిచాడు.

“గెలుపెవరిదో చెప్పడం కాస్త ఆలస్యం చెయ్యవయ్యా.”

“చిత్తం దొరా. ఆలస్యం మా ఆఫీసుకు కొత్తా?”

మధ్యాహ్నమైంది. “మళ్లీ లెక్కిస్తున్నాం” అంది కొంగ. చిలుక కొమ్మకొమ్మకీ ఎగురుతూ “తీవ్ర ఉత్కంఠ! తీవ్ర ఉత్కంఠ!” అని అరిచింది.

“అమ్మా, ఉత్కంఠ అంటే ఏంటే?” అని అడిగింది పిల్ల ఎలుగు.

నాంచారమ్మ నోట్లోంచి చెయ్యి తీసి చూపించింది. “ఇదేనమ్మా.”

వీరభద్రం మీసాల్లో నవ్వుకున్నాడు. పొద్దు వాలేసరికి ఆ నవ్వు తగ్గింది. మెల్లగా కొంగ దగ్గరికి వెళ్లాడు.

“నాకు మాత్రం చెప్పు. నేనేగా?”

“అమ్మమ్మా! అందరి ముందూ చెట్టు కిందే చెప్పాలి దొరా. నియమం.”

“మరి ఆలస్యం చేశావుగా?”

“ఆలస్యం కూడా నియమమే కదండీ.”

వీరభద్రం పొద చాటుకు వెళ్లి కూర్చున్నాడు. తెలియకుండానే పంజా నోట్లోకి పోయింది.

చివరికి కొంగ గొంతు సవరించుకుంది. “గెలిచింది నాంచారమ్మ!”

నాంచారమ్మ చెట్టు దగ్గరికెళ్లి ఎంత గీకినా బెరడు చెక్కుచెదరలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “అయితే నేనే!” అంటూ వీరభద్రం ఎగిరి పంజా విసిరాడు. గుడ్డతో తుడిచినట్టు జారింది.

ఈ గోలకి, ఆ చెట్టు మొదట్లోనే ఉండచుట్టుకుని పడుకున్న అలుగు తాత లేచాడు. ఒళ్లంతా పొలుసులు, కొడవళ్లలాంటి గోళ్లు, తిండి చెదపురుగులే. నిద్రలో పడి ఓటు కూడా వెయ్యలేదు. ఆవులిస్తూ, ఒళ్లు విరుచుకుంటూ చెట్టును బర్రున గీరాడు.

“గీత పడింది!” అంది కొంగ. “తాతగారే పెద్ద!”

“నాకెందుకర్రా ఇవన్నీ? ముందా గుట్ట తెరవండి, ఆకలేస్తోంది.”

మర్నాడు పొద్దున్న తాత పుట్టలు తవ్వి పెడితే ఎలుగు పిల్లలు కడుపునిండా తిన్నాయి. నాంచారమ్మ స్నానం చేసి, వేపాకు నూరి, ఆ పసరు ముందు తన వేళ్లకు, తర్వాత పిల్లల వేళ్లకు పూసింది. తలెత్తి చూస్తే ఎదురుగా పంజా చాపుకుని వీరభద్రం.

“కాస్త నాకూ రాయమ్మా. చిలుకకి మాత్రం చెప్పకు.”

నీతి: పదవి కోసం ఎదురు చూడాల్సివస్తే, హాయిగా పడుకుని ఎదురు చూడండి.