పెచ్చులూడిన గోడ, అనుమతి పొందిన దగ్గు

మనిషికి కూడు, గుడ్డ, నీడ ఉంటే చాలని పూర్వం అనుకునేవారు. చాలదు. ముచ్చట కూడా కావాలి. నగరం మొత్తానికీ ఆ ముచ్చట ఒక్క సందులోనే మిగిలిందని తేలడంతో, దాన్ని కాపాడటానికి సందు శోభా పరిరక్షణ సంఘం వెలిసింది. (అధ్యక్షులవారి కాపురం వేరే పేటలో. అక్కడ గోడలకు పెచ్చులూడవు.)

రిటైరైన బస్సు డ్రైవరు ఆ సందులో అద్దెకు దిగిన రోజుల్లో కిరాయి బండివాళ్లు సైతం లోపలికి రామనేవాళ్లు. ఇప్పుడు జంటలు జంటలుగా వచ్చి, పెచ్చులూడిన అతని గోడకు చేరగిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఆ గోడకు అవతలివైపు అతని భార్య మంచం ఉంది. చెమ్మకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. ఎవరికి చెప్పినా పని కాలేదు. చివరికి డ్రైవరే తాపీ పట్టి గోడంతా పూసేశాడు.

మర్నాడే సంఘంవారి ప్రాచీనతాధికారి దిగాడు.

"ఏంటి పెద్దాయనా, నిక్షేపంలాంటి గోడని పాడు చేశారు?"

"పాడా? బాగు చేశాను బాబూ!"

"నేననేదీ అదే."

లోపల్నుంచి దగ్గు వినబడింది. అధికారి చెవి రిక్కించాడు.

"ఎవరది?"

"మా ఆవిడ. ఆ గోడ చలవే."

"పాతకాలపు దగ్గు. సందుకి నప్పింది. సాయంత్రాలు కానివ్వమనండి, అనుమతి రాసిస్తాను."

"నా దగ్గుకి మీ అనుమతేంటయ్యా, నీ మొహం మండ!" అని ఆవిడ అరవబోయింది. మళ్లీ దగ్గు తెర వచ్చింది. అధికారి తృప్తిగా తలూపాడు.

కొత్త పూత తీసి పాత పెచ్చులు తెప్పించడానికి సంఘం కూలీలను పంపింది. సున్నితంగా కొట్టమన్నారు. వాళ్లు సమ్మెటలతో సున్నితంగానే కొట్టారు. గోడ వీధివైపు ఒరిగింది. ఒరగడం ఇంకా ముచ్చటగా ఉందని సంఘం తీర్మానించింది. ఆ వారమే వాన పడింది, గోడా పడింది. అదృష్టం కొద్దీ ఆవిడ అప్పుడు వంటింట్లో ఉంది.

శిథిలాలను ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. మంచం వీధిలోకి కనబడుతోంది. అయితేనేం, ఎండా గాలీ ధారాళంగా తగిలేసరికి చెమ్మ ఆరింది. ఆవిడ దగ్గు చేత్తో తీసేసినట్టు పోయింది. చాలాకాలానికి మొగుడూ పెళ్లాలిద్దరూ కంటినిండా నిద్రపోయారు.

పొద్దున్నే సంఘం నుంచి నోటీసు వచ్చింది: "మంజూరైన సాయంకాలపు దగ్గును ముందస్తు అనుమతి లేకుండా నిలిపివేసినారు. వెంటనే పునరుద్ధరించనిచో ఇల్లు ఖాళీ చేయవలెను. బాగా దగ్గగల కుటుంబాలు మీ ఇంటి కోసం వరుసలో ఉన్నవి."