నీలమ్మ పేరు మీద ఎర్రంచు బొంత

2013 సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున నారాయణఖేడ్‌లో ఉమారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటిలోపు తన ఆన్‌లైన్ బొంతల దుకాణానికి డబ్బు కట్టే పద్ధతి ఒకటి ఖాయం చేయాలి. పన్నెండింటికి బడికి వెళ్లి పాపకు అన్నం డబ్బా ఇచ్చి రావాలి. రెండోది అనుకున్నట్టే జరిగింది.

పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టే బొంతలకు పట్నంలో గిరాకీ ఉందని తెలిసి, ఆమె సిర్గాపూర్ ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు హైదరాబాదు డాక్టరమ్మ ఒకావిడ పన్నెండు బొంతలు అడిగింది. శనివారంకల్లా బస్సు పార్సిల్‌లో పడాలి, డబ్బు మాత్రం భద్రంగా ఆన్‌లైన్‌లోనే కడతానంది. ఈ బేరం తప్పితే దుకాణం మూసేసి మళ్లీ ఆ బడిలోనే ఎక్కాలు చెప్పుకోవాలి.

ముందు గదిలో బొంత చుట్టూ కూర్చున్న కుట్టేవాళ్లను ఆమె సలహా అడిగింది. అడగకపోయినా వాళ్లు ఇచ్చేవారే.

"సామాన్ చేతుల పడ్డంక పైసలిస్తే గదే పక్కా, బేటీ," అంది అందరిలో పెద్దదైన జైతూన్ బీ.

"గట్లనే పంపితే కంగ్టి ఊరోళ్లు మూడు బొంతలు వాపస్ జేసిర్రు గదా, అమ్మా!" అంది ఉమారాణి. "మేం అడగనేలేదన్నరు. గందుకే కార్డు పద్ధతి. కొనెటోళ్ల ఫోన్‌కు ఒక నంబర్ వస్తది. గది కొడితెనే పైసలు కట్టినట్టు. ఇంకొకలు కొననీకె రాదు."

ఆ పద్ధతి నడిపే కంపెనీవాళ్లు ముందు ఉత్తుత్తి కార్డు నంబరు ఒకటిచ్చి, వారం రోజులు పరీక్షించుకోమన్నారు. అసలు డబ్బు కదిలేది ఆ తర్వాతే. ఉమారాణి ఆ నంబరును చీటీ మీద రాసి కంప్యూటరుకు అతికించింది. కొనేవారి పేరు అడిగితే ఇంద్రమ్మ పేరు కొట్టబోయింది. అంతే, ఇంద్రమ్మ సూది పడేసి లేచింది.

"నా పేరెందుకు, ఉమక్కా? ఉత్తుత్తి కాయితంల బతికున్నోళ్ల పేరు రాస్తరా? మంచిది గాదు. పిల్లలున్నదాన్ని."

ఎవరి పేరు అనుకున్నా వారికి పిల్లలో, పెనిమిటో, పొలమో ఉంది. చివరికి అందరి చూపూ గోడ మీది ఫోటో మీద పడింది. ఉమారాణి అత్త నీలమ్మ చనిపోయి నాలుగు నెలలైంది. ఆమెకు కొత్తగా వచ్చే కీడు ఏమీ లేదు. పేరుతోపాటు ఆమె ఫోన్ నంబరే కొట్టారు. మొదటి పరీక్ష కాబట్టి ఫోన్ నంబరు అడగకుండానే, కాసేపటికి తెర మీద 'నీలమ్మ, ఒక బొంత, చెల్లింపు పూర్తయింది' అని వచ్చింది.

అదే క్షణంలో ఖాళీగా ఉన్న లోపలి గదిలో ఫోను టింగుమంది.

మామ సంగప్ప బస్ డిపో దగ్గర చాయ తాగడానికి పోయి గంటయింది. ఉమారాణి తలుపు తోసి చూస్తే గది నిండా చీకటి, మూలన నీలమ్మ సందూక పెట్టె, దానికి తాళం. మళ్లీ టింగుమంది. చప్పుడు సందూక లోపలినుంచే వచ్చింది.

"అత్త ఫోన్ మామ దాసిపెట్టినట్టుండు," అంది ఉమారాణి.

"నాలుగు నెల్లు ఛార్జింగ్ ఉండే ఫోన్ ఏడ దొర్కుతది, బేటీ? నాది పొద్దుగూకంగనే సస్తది," అంది జైతూన్ బీ.

సాయంత్రం సంగప్పను అడిగితే "ఏ ఫోన్? ఏమో!" అని అటు తిరిగి పడుకున్నాడు. ముప్పై ఏళ్లు డిపోలో డ్యూటీ చార్టులు వేసి రిటైరైన మనిషి, కోడలు దుకాణం పెట్టిన నాటినుంచి ముభావంగానే ఉంటున్నాడు. ఆమె ఇక తరచి అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం కుట్టేవాళ్లు తిండికి ఇళ్లకు పోయారు, ఉమారాణి బడికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తెర మీద కొత్త ఆర్డరు ఉంది. నీలమ్మ, ఒక బొంత. బుధవారం అదే వేళకు ఇంకొకటి. ఈసారి కింద ఒక మాట కూడా రాసి ఉంది: 'అంచు ఎర్రది. సన్న కుట్టు. జల్ది.'

అది చదివి వినిపించగానే జైతూన్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"యా అల్లా! పానం పోయేటప్పుడు గిదే అడిగింది. సలి వెడ్తుంది, ఎర్రంచు బొంత కుట్టున్రి అన్నది. మే నెల్ల బొంత ఏందని అందరం నవ్వినం."

ఉమారాణి వెంటనే కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి కుర్రవాడు ఎంతో మర్యాదగా ఆమె భయాన్ని రూఢి చేశాడు.

"మా సెక్యూరిటీ నూటికి నూరు పాళ్లు, మేడమ్. మొదటి పరీక్ష అయ్యాక, ఆ ఫోన్‌కు వెళ్లిన నంబరు కొడితేనే ఆర్డర్ పడుతుంది. కాబట్టి నీలమ్మగారే ఆర్డర్ ఇచ్చారు. ఇంకొకరు ఇచ్చే అవకాశమే లేదు."

"ఆమె సచ్చిపోయింది."

"అయితే డెత్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపండి, మేడమ్. కస్టమర్ మళ్లీ ఇబ్బంది పెట్టకుండా చూసుకుంటాం."

ఈ సంగతి గంటలో బజారంతా తిరిగింది. గురువారం ఇంద్రమ్మ రాలేదు. ఆమెకు జ్వరమట. మరో ఇద్దరికీ అదే జ్వరం. జైతూన్ బీ ఒక్కతే వచ్చి, డాక్టరమ్మ బొంతలను పక్కకు నెట్టి, ఎర్రంచు బొంత మొదలుపెట్టింది.

"ముందుగాల నీలమ్మది. బతికున్నోళ్లు ఆగుతరు, గామె ఆగుతలేదు."

"శనివారం దాటితె దుకాణమే ఉండదమ్మా!" ఉమారాణికి ఏడుపొచ్చింది.

"దుకాణం ఉండి మనం లేకుంటే?" అని ముసలామె దారం కొరికింది.

శుక్రవారం మధ్యాహ్నం ఉమారాణి అన్నం డబ్బాను పక్కింటి వాళ్లతో పంపి, వీధి చివరి వరకు వెళ్లి, పెరటి గుమ్మం గుండా వెనక్కి వచ్చింది. ఇల్లు చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. లోపలి గదిలో సందూక మూత తెరిచి ఉంది. ముందు గదిలోంచి ఆగి ఆగి టక్, టక్ మని శబ్దం వస్తోంది. తొంగి చూసింది. కంప్యూటరు ముందు తలమీదినుంచి తెల్లటి దుప్పటి కప్పుకుని ఎవరో కూర్చుని ఉన్నారు.

ఉమారాణి కెవ్వుమంది. దుప్పటి అంతకంటే గట్టిగా కెవ్వుమంది. అది జారితే లోపల సంగప్ప, ఒక చేతిలో నీలమ్మ ఫోను, రెండో చేతి వేలు ఇంకా మీట మీదే ఉంది.

"మామా! నువ్వా? గీ దుప్పటి ఏంది?"

"కిటికీలకెల్లి ఎవలన్న జూస్తరని," అన్నాడాయన, దొరికిపోయిన పిల్లవాడిలా. "దినాం ఛార్జింగ్ వెడ్తున్న. సోమారం మాపటికి తీసిజూస్తే మెసేజ్ ఉంది."

ఫోను ఆమె చేతిలో పెట్టాడు. అది కొన్నవాళ్లందరికీ దానంతటదే వెళ్లేలా ఉమారాణే రాసిపెట్టిన మెసేజ్: 'నీలమ్మగారూ, ధన్యవాదాలు. మీ బొంత మీకోసం తయారవుతోంది.'

"నలభై ఏండ్లు ఊరందరికి బొంతలు కుట్టింది. ఒక్కలన్న ధన్యవాదాలన్నరా? నేనన్ననా? ఎండకాలంల బొంత ఏందే, పండుకో అన్న. గదే ఆఖరి మాట," అన్నాడు సంగప్ప. "ఆర్డర్ వెడితె గా మెసేజ్ మళ్ల వస్తదని వెట్టిన, బిడ్డా."

ఉమారాణికి కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆ చీటీ పీకి చింపేసింది. కంపెనీకి చెప్పి పరీక్ష ముగించి అసలు పద్ధతి తెరిపించింది. ఇక ఉత్తుత్తి ఆర్డర్లు పడవు. సంగప్ప స్వయంగా ఇంద్రమ్మ ఇంటికి పోయి తలవంచుకుని నిజం చెప్పాడు. అందరి జ్వరాలూ ఒకేసారి తగ్గిపోయాయి.

శనివారం మధ్యాహ్నానికి లెక్క చూస్తే బొంతలు పదకొండే అయ్యాయి. పన్నెండోది కుట్టే వ్యవధి లేదు. ఉమారాణి చేయి ఎర్రంచు బొంత మీదికి వెళ్లింది.

"తీస్కో, బిడ్డా," అన్నాడు సంగప్ప. "దుకాణం కావాలె గదా." అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. వెలుగుతున్న కంప్యూటరు వైపైనా చూడలేదు.

ఆమె దాన్ని మడత పెట్టి మూటలో దూర్చి, డాక్టరమ్మ డబ్బు వచ్చిందో లేదో అని తెర చూసింది. ఇంకా రాలేదు. కానీ కార్డు పద్ధతి తెరిచిన తర్వాత మొదటి అసలు చెల్లింపు పొద్దున ఏడింటికే వచ్చి ఉంది. నీలమ్మ, ఒక బొంత, ఎర్రంచు. బ్యాంకుకు ఫోన్ చేస్తే డబ్బు నిజంగానే జమ అయిందన్నారు.

తలుపు తట్టితే సంగప్ప తీశాడు.

"నా పెన్షన్ పైసల ఏటీఎం కార్డే. దానికి ఆమె ఫోన్ నంబరే ఇచ్చిన ఎప్పుడో," అన్నాడు. "ఊకెనే ఇస్తే ఆమె తీస్కోదు. గందుకే కొన్న. నీకు అడ్డమైతే వద్దుతియ్యి."

ఉమారాణి డాక్టరమ్మకు ఫోన్ చేసి, పదకొండే పంపుతున్నాననీ, పన్నెండోది ముందే డబ్బు కట్టినవారికి పోయిందనీ చెప్పింది. బేరం పోయిందనే అనుకుంది.

"మాట మీద నిలబడే దుకాణమన్నమాట," అందావిడ. "మిగిలింది వచ్చే వారం పంపు. ఇంకో పన్నెండు రాసుకో."

ఎర్రంచు బొంతను నీలమ్మ మంచం మీద పరిచి, అందినట్టు సంగప్ప చేత సంతకం చేయించారు. సరుకు నచ్చకపోతే ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చని బిల్లు అడుగున ఉంది. ఇంతవరకు నీలమ్మ దగ్గరనుంచి ఫిర్యాదేమీ రాలేదు.