సూరమ్మ ముంతకు లైసెన్సు లేదు

సూరమ్మే దోషి! కట్టుకున్నవాడు నల్లమందు మానుకోవడానికి సాయం చేసిన ఆడదాన్ని దోషి అనక ఇంకేమంటారు? సర్కారు చట్టం ఆమెనే వేలెత్తి చూపించింది. మత్తు మాన్పించే మా లాకులపాలెం టెంపరెన్సు సొసైటీవారు ఔనని తలలూపారు. ఇంతమంది పెద్దలు ఒక్క మాట మీద నిలబడడం ఈ మండలంలో ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. కాబట్టి నేనూ పెద్దల పక్షమే!

అయ్యా చదువరులారా, కొందరు కుర్రకారు నల్లమందును తిట్టిపోస్తున్నారు. వాళ్ళకి లోకం తెలియదు. నల్లమందే లేకపోతే మన డెల్టా ఏమైపోయేది?

ఏటా కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. పూడిక తీయాలి. తొడలదాకా బురద, పైన వైశాఖం ఎండ, కాళ్ళకి జలగలు. ఒంటిమీద తెలివున్నవాడు ఎవడైనా దిగుతాడా? దిగడు! అందుకే పూడిక కంట్రాక్టరు వెంకటరాజుగారు తెల్లవారగానే గంజితోపాటు ప్రతి కూలివాడి అరచేతిలో కందిగింజంత నల్లమందు ఉండ పెట్టిస్తారు. ఉచితంగా! జ్వరం రాదంటారు, చలి వేయదంటారు. నలభై రోజులు అలా నడుస్తుంది. నలభయ్యొకటో రోజున పూడిక అయిపోతుంది. గంజి ఆగిపోతుంది, ఉండ ఆగిపోతుంది. కూలివాడి కడుపు మాత్రం ఆగదు. నిన్న కందిగింజ తిన్నది ఇవాళ శనగగింజ అడుగుతుంది.

అప్పుడు వాడు ఎవరూ పిలవకుండానే కాలవ లాకు పక్కన నల్లమందు దుకాణానికి నడిచి వస్తాడు. ఆ దుకాణం లైసెన్సు వెంకటరాజుగారి బావమరిది బంగార్రాజుగారి పేర ఉండడం దైవఘటన. దైవఘటన గురించి మాట్లాడకూడదు.

ఏసుపాదం అలా నడిచి వచ్చినవాళ్ళలో ఒకడు. మూడేళ్ళ కిందట పూడికలో దిగాడు. బలమైన మనిషి, గంపెడు మట్టి ఒంటిచేత్తో గట్టుమీదికి విసిరేవాడు. ఇప్పుడు గంప సంగతి అటుంచి, ఉండ పడకపోతే లేచి కూర్చోలేడు. సూరమ్మ అతని పెళ్ళాం.

అయితే ఏసుపాదాన్ని బాగుచేయడానికి ఎవరూ ప్రయత్నించలేదని అనకండి. అది పాపం! అందరూ ప్రయత్నించారు. ఎవరి పద్ధతి వారిది.

మొదట సొసైటీ. దానికి ప్రెసిడెంటు ఎవరనుకున్నారు? వెంకటరాజుగారే. మీరు నవ్వకండి. నల్లమందు గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? వ్యసనమంటే మనసుకి పట్టు లేకపోవడమని ఆయన గంటసేపు ఉపన్యసించారు. ఏసుపాదాన్ని నిలబెట్టి ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేయించారు. చప్పట్లు కొట్టారు. మూడో రోజున కడుపు మెలితిప్పితే ఏసుపాదం దుకాణానికి పోయాడు. రెండునెలలకి మళ్ళీ వేలిముద్ర. మళ్ళీ దుకాణం. ఇలా నాలుగుసార్లు! సొసైటీ వార్షిక రిపోర్టులో మాత్రం 'ఈ ఏడు నలుగురు మానివేసిరి' అని అచ్చయింది. ఒక్క మనిషి నలుగురుగా బాగుపడడం సొసైటీల చరిత్రలోనే లేదు.

ఐదోసారి వెళ్ళి, ఈసారి మూడో రోజున ఎవరైనా వచ్చి తోడు కూర్చుంటారా అని అడిగాడట. రూల్సు ఒప్పుకోవన్నారు. ప్రమాణం తప్పినవాణ్ణి సొసైటీ గడప తొక్కనివ్వరు. ముందు మూడు నెలలు పూర్తిగా మానేసి రావాలి, అప్పుడు మాన్పిస్తారు! ఎంత చక్కని రూలు! మన ఆసుపత్రులన్నిటికీ ఇదే రూలు పెడితే చచ్చేవాళ్ళ లెక్క ఒక్క ఏడాదిలో సున్నా అవుతుంది.

తరవాత చర్చి. ఉపదేశి యెహెజ్కేలుగారు ఇది మనసు సంగతి కాదు, పాపం సంగతి అన్నారు. ఆదివారం కూడికలో ఏసుపాదం పేరు చదివి, ప్రభు బల్లకి దూరంగా ద్వారం దగ్గర కూర్చోమన్నారు. కూర్చున్నాడు. ద్వారం దగ్గర కూర్చున్నవాడికి బయట ఏం కనిపిస్తుంది? కాలవ, లాకు, లాకు పక్కన దుకాణం. ప్రసంగం సాగినంతసేపూ అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇక పట్నం ఆసుపత్రి. అక్కడి డాక్టరుగారు, ఇది పాపమూ కాదు పట్టులేకపోవడమూ కాదు, జబ్బు అన్నారు. ఆ మాట విని నాకు ఆయన కాళ్ళకి మొక్కుదామనిపించింది. వైద్యం చూశాక మానుకున్నాను. ఏసుపాదాన్ని గదిలో పెట్టి తాళం వేశారు. ఉండ లేదు, మనిషి లేడు. మూడు రోజులు విరేచనాలు, వణుకు. నాలుగో రోజుకి కళ్ళు లోతుకి పోయాయి. 'నయమైనది' అని కాగితం రాసిచ్చి పంపేశారు.

ఇదిగో, ఇక్కడే సూరమ్మ నేరం మొదలైంది.

లాకు తలుపులు బాగుచేసే వడ్రంగి వీరబ్రహ్మం చెక్కలకోసం పట్నం వచ్చాడు. ఆసుపత్రి వాకిట్లో మొగుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సూరమ్మని చూసి, ఇద్దర్నీ తన బండిమీద ఎక్కించుకున్నాడు. లాకు దగ్గర ఎద్దులకి నీళ్ళు పెడుతుంటే ఓ ధాన్యం పడవ పైకాలవలోంచి కిందకాలవలోకి దిగుతోంది. అది చూపించాడు.

"పైకాలవకీ కిందకాలవకీ ఆరడుగుల తేడా ఉంది సూరమ్మా. పడవని లాకులో పెట్టి, వెనక తలుపు మూసి, చిన్న కంతలోంచి నీళ్ళు వదుల్తాం. నీళ్ళు ఎంత దిగితే పడవ అంతే దిగుద్ది. కంగారుపడి కింద తలుపు ఒక్కసారి లాగేవనుకో, పడవా ఉండదు, సరంగూ ఉండడు. మీవోణ్ణి ఇప్పటికి ఐదుసార్లు అలాగే లాగేరు."

సూరమ్మ బండి దిగి కంత దగ్గరికెళ్ళి చూసిందట. తరవాత ఒక్కటే అడిగింది.

"అయితే కంత ఎంతుండాలండి, బ్రహ్మంగారూ?"

చూశారా అవిద్య! డాక్టరుని అడగవలసింది వడ్రంగిని అడగడం!

ఇంటికెళ్ళి ఆమె చేసిన పని ఇది. ఏసుపాదం తినే నల్లమందు కొంత తెచ్చి ఓ ముంతెడు నీళ్ళలో కరిగించింది. పొద్దున ఓ గరిటెడు, సాయంత్రం ఓ గరిటెడు అతనికి పోసేది. గరిటెడు తీసినప్పుడల్లా గరిటెడు మంచినీళ్ళు ముంతలో కలిపేది. అంతే! ముంత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. గరిటె ఎప్పుడూ అదే గరిటె. లోపల మందు మాత్రం రోజురోజుకీ పలచబడుతుంది. మొదట తాటిబెల్లం పాకంలా ఉన్న నీళ్ళు పదిరోజులకి గోదావరి కొత్తనీటి రంగుకి వచ్చాయి. ఏసుపాదం లేచి కూర్చున్నాడు. పదిహేనో రోజున అన్నం అడిగాడు.

అంతటితో ఆగినా క్షమించేవాళ్ళం. ఆగలేదు! సాయంత్రం గరిటె పడేముందు రెండు ఘడియలు మనిషికి మహా బాధగా ఉంటుందట. చేతులు ఊరుకోవు. అందుకని అరుగుమీద కొబ్బరిపీచు కుప్ప పోసి, తాడు పేనమని కూర్చోబెట్టింది. తానూ పక్కనే కూర్చుని పేనేది. తప్పిపోయావా అని అడగదు. ప్రమాణం చేయమనదు. చప్పట్లు కొట్టదు. ఇదేం సంస్కరణ? పేరు లేదు, ప్రెసిడెంటు లేడు!

వారం తిరిగేసరికి పూడికలో ఏసుపాదంతో దిగినవాళ్ళు ఒక్కొక్కరే ముంతలు పట్టుకుని ఆ అరుగెక్కారు. సూరమ్మ ఎవడి ముంతకి వాడి పేర బొగ్గుతో గీత గీసేది. ఇరవై రోజులకి ఏసుపాదంతో కలిపి ఏడుగురయ్యారు. ఒకడు మధ్యలో జారి దుకాణానికి పోయి, మర్నాడు తల వంచుకుని వచ్చాడు. "పీచు తడిపి ఉంచాను, కూర్చో తమ్ముడూ" అందట.

ఓ మధ్యాహ్నం పెరటి గుమ్మంలోంచి ఉపదేశి యెహెజ్కేలుగారు కూడా వచ్చారు. ఆయన తల్లిగారు కీళ్ళనొప్పికని పదేళ్ళుగా రోజూ ఉండ వేసుకుంటున్నారు. "అమ్మది పాపం కాదు సూరమ్మా, అది మందు" అన్నారాయన. "ఆయ్, అలాగేనండి. ఆవిడ ముంత కూడా పట్రండి" అంది సూరమ్మ.

ఏడుగురు అరుగెక్కితే దుకాణంలో ఏడుగురు తగ్గినట్టే కదా! బంగార్రాజుగారు కలత చెందారు. బావగారితో చెప్పుకున్నారు. బావగారు సొసైటీ ప్రెసిడెంటు హోదాలో, పల్లెలో ఎవరో ఆడది దొంగతనంగా నల్లమందు కషాయం కాచి జనానికి పోస్తోందని అర్జీ పెట్టారు. ఆ అర్జీమీద ఆబ్కారీ ఇన్స్పెక్టరూ ఇద్దరు ప్యూన్లూ దిగారు.

ముంతలో ఏముందని ఇన్స్పెక్టరు అడిగారు.

"చాలామటుకు నీళ్ళేనండి."

"నీళ్ళయితే సీలు ఎందుకు వేస్తాను?"

"అదే నాకూ తెలీట్లేదండి. ఇంకో ఇరవై రోజులాగితే ఉత్త నీళ్ళే అవుద్ది. అప్పుడొచ్చి పట్టికెళ్ళండి. నేనే మోసుకొచ్చి ఇత్తాను."

ఇన్స్పెక్టరు ఓపికగా చట్టం విప్పి చెప్పారు. నల్లమందు తినదలిస్తే దుకాణం ఉంది, తినవచ్చు. ఎక్కువ తినదలిస్తే మళ్ళీ రావచ్చు. నీళ్ళలో కలిపితే మాత్రం అది తయారీ. గరిటెతో పోస్తే పంపిణీ. రెండింటికీ లైసెన్సు కావాలి. రోజురోజుకీ తక్కువ తినడానికి లైసెన్సు ఏ రూలులోనూ లేదు. ఏడు ముంతలూ, ఉపదేశిగారి అమ్మగారి ముంతా, మొత్తం ఎనిమిదీ సీలయ్యాయి. గరిటె కూడా పట్టుకెళ్ళారు, సాక్ష్యానికి.

సోమవారం విచారణ. జుర్మానా కట్టలేకపోతే నెల్లాళ్ళు జైలు. సూరమ్మ కట్టలేదని వేరే చెప్పాలా?

నిన్న నేను ఆ అరుగు దగ్గరికి వెళ్ళాను. ముంతలు పోయి నాలుగు రోజులయింది. ఏడుగురిలో ముగ్గురు దుకాణానికి తిరిగి పోయారు. నలుగురు ఉన్నారు. ఏసుపాదం దుకాణానికి వీపు పెట్టి కూర్చుని తాడు పేనుతున్నాడు. వేళ్ళు వణుకుతుంటే పీచు జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటున్నాడు.

"ఇది పక్కనుంటే కూర్చోగలనండి," అన్నాడు పెళ్ళాంకేసి చూపించి. "దీన్ని తీసుకెళ్ళిపోతే ఎటు నడుత్తానో నాకే తెలీదు."

ఇక నాకు పెద్దల పక్షం చాలు. ఇంతసేపు మోసినందుకే నా నోరు చేదయింది.

వెంకటరాజుగారూ, ఆ మనిషి చేతిలో మొదటి ఉండ పెట్టింది మీరు. దానికి పట్టులేకపోవడమని పేరు పెట్టిందీ మీరే. ఉపదేశిగారూ, మీరు పాపమని పేరు పెట్టారు. డాక్టరుగారు జబ్బన్నారు. పేర్లు పెట్టడం మాని ఒక్క సాయంత్రం ఎవరైనా వాడి పక్కన కూర్చున్నారా? కూర్చున్నది ఒక్కతే. ఆమెని జైలుకి పంపుతారా?

వినండి. సూరమ్మ మీద కేసు కొట్టేయాలి. ముంతలు తిరిగి ఇవ్వాలి. మానదలచినవాడికి మందు రోజురోజుకీ తగ్గించి ఇచ్చే పని ఆసుపత్రివారు చేపట్టాలి, తాళాలూ గదులూ లేకుండా. పద్ధతి తెలియకపోతే ఆ అరుగు దగ్గరికి వచ్చి నేర్చుకోవాలి. రాబోయే పూడికలో గంజితో ఉండ పెట్టినవాడి కంట్రాక్టు అక్కడికక్కడే రద్దు చేయాలి. ఉపదేశిగారు సోమవారం కచేరీకి వచ్చి, తన తల్లిగారి ముంత ఏదో అందరి ముందూ చెప్పాలి.

విచారణకి ఇంకా మూడు రోజులుంది కదా అంటారేమో. కాగితాలు మూడు రోజులు ఆగగలవు. వణికే చేతులు ఆగలేవు. ఇవాళే సీలు విప్పండి!