నోట్లో దూది, చెవిలో సినిమా

సినిమాల గురించి మాట్లాడుకోవడానికి ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క నాగరికమైన చోటు పళ్ళ డాక్టరుగారి కుర్చీ. ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. దవడ మీద చెయ్యి వేసుకుని మరీ అంటున్నాను.

మిగతా చోట్ల ఏం జరుగుతోందో మీకు తెలియనిదా? ఫలానా సినిమా బాగుందని ఫోన్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు, మనం ఎన్నడూ మొహం చూడనివాడు వచ్చి మన ఏడు తరాలనీ కడిగేస్తాడు. ఒక హీరో డాన్సు విషయంలో నేనూ మా బావమరిదీ మాట్లాడుకోవడమే మానేశాం. ఆ హీరోకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే మనసు కష్టపెట్టుకుని డాన్సు మానేస్తాడేమో. అప్పుడైనా నేను గెలిచినట్టవుతుంది.

ఇలాంటి రోజుల్లో నా కింది దవడ పన్ను పుచ్చిపోవడం నా అదృష్టం కాక మరేమిటి!

క్లినిక్ మా వీధి చివర, మందుల షాపు మేడ మీద ఉంది. డాక్టరుగారు నా ఈడువారే. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మాస్కు పైన కళ్ళు తప్ప ఆయన మొహం నేను సరిగ్గా చూసింది లేదు. ఆయనా నా పళ్ళు తప్ప మరేమీ చూసినట్టు లేదు. స్నేహానికి ఇంతకన్నా మంచి పునాది ఉంటుందా?

రూట్ కెనాల్ అన్నారు. ఇంజెక్షన్ ఇచ్చారు. బుగ్గ మొద్దుబారింది. నోట్లో దూది కుక్కి, డ్రిల్లు చేతిలోకి తీసుకుని, "నిన్న టీవీలో ఆ గూడ్సు బండి గార్డు సినిమా మళ్ళీ వేశాడండి. చూశారా?" అన్నారు.

చూశారా అని నన్ను అడుగుతున్నారు! ఆ సినిమా చూసే కదా నేను డిగ్రీ పరీక్ష తప్పింది. గూడ్సు బండి గార్డు ఒకడు, సిగ్నల్ దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె. బండి ఆ సిగ్నల్ దాటే కాసేపే వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటారు. చివర్లో బండి సొరంగంలోకి పోతుంది. తెరంతా చీకటి. వయొలిన్ ఒక్కటే వినిపిస్తుంది. ఆ చీకట్లో కళ్ళు తడవని మనిషితో నేను టీ కూడా తాగను.

"ఆఁ," అన్నాను, దూది అడ్డం పడుతుంటే.

"అందులో అంత గొప్పేముందండీ? లైట్లు దొరక్క సొరంగం అన్నారు. ఆ వయొలిన్ అయితే తలుపు కిర్రుమన్నట్టుంది. కాస్త నూనె వేస్తే సరిపోయేది."

నేను కుర్చీలోంచి లేవబోయాను. "కదలకండి సార్, డ్రిల్లు లోపలుంది," అంది నర్సు.

ఇక్కడే కాస్త ఆలోచించండి. ఇదే మాట ఫోన్‌లో ఎవరైనా రాసి ఉంటే నేను ఊరుకునేవాణ్ణా? సగం చదివే లోపు తిట్లు టైపు చేసేసేవాణ్ణి. అలాంటి నేను ఆ రోజు నాకు గిట్టని అభిప్రాయాన్ని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మనిషిని ఇంత సంస్కారవంతుణ్ణి చేసే చదువు ఏ బళ్ళో చెబుతున్నారు?

రెండో సిట్టింగ్‌కి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. అద్దం ముందు నిలబడి సాధన కూడా చేశాను. "డాక్టరుగారూ, ఆ సొరంగంలో చీకటి ఉంది చూశారూ..." అని అందుకున్నాను.

"నోరు తెరవండి," అన్నారాయన.

తెరిచాను. మళ్ళీ మూసే అవకాశం రాలేదు. ఆ రోజు ఆయన వీడియో గేముల మీద పడ్డారు. "ఇప్పటి సినిమాల కన్నా గేముల్లో సంగీతమే నయమండి. గుర్రమెక్కి ఊళ్ళు తిరిగే గేమొకటి ఆడుతున్నాను. అందులో వాన మొదలవగానే వెనక ఎక్కడో ఫ్లూటు వస్తుంది. నేను గుర్రం దిగిపోయి, అలా నిలబడి వింటాను. ఈలోగా శత్రువులొచ్చి నరికేస్తారు. తెలిసీ మళ్ళీ దిగుతాను. మీరేమంటారు?"

"గ్గ ఊఁ," అన్నాను. ఈ వయసులో గేములేమిటండీ అని దాని అర్థం.

"అదీ! మీలాంటి రసికులు దొరకరండీ," అన్నారాయన సంబరంగా.

ఇంటికొచ్చి, ఆయన పొరపాటు నిరూపించడానికే ఆ ఫ్లూటు వెతికి విన్నాను. రుజువు పక్కాగా ఉండాలి కదా, మళ్ళీ విన్నాను. పడుకునే ముందు ఇంకోసారి విన్నాను. ఈ సంగతి ఆయనకి చెప్పాల్సిన అవసరం లేదు.

మూడో సిట్టింగ్‌కి నాకు విద్య పట్టుబడింది. నోరు లేకపోతేనేం, కనుబొమలు లేవూ? ఎడమది ఎత్తితే ఒప్పుకోనని. రెండూ ఎత్తితే ఘోరమని. "ఒప్పుకోరన్నమాట!" అని ఆయన డ్రిల్లు ఆపి మరీ వాదించేవారు. సొరంగం ప్రస్తావన మళ్ళీ వచ్చేసరికి, "నాకూ అక్కడ ఏడుపొచ్చింది సార్," అంది నర్సు, ట్రే సర్దుకుంటూ. డాక్టరుగారు ఒంటరివారైపోయారు. మొద్దుబారిన బుగ్గతో నేను నవ్విన నవ్వు ఎలా ఉందో గానీ, నర్సు గబగబా నా గడ్డం తుడిచింది.

కానీ సుఖాలు శాశ్వతమా? నాలుగో సిట్టింగ్‌లో క్యాప్ పెట్టేసి, "అయిపోయిందండి. ఇక మీరు రానక్కర్లేదు," అన్నారు.

నేను కుర్చీ దిగలేదు. "పక్క పన్ను కూడా ఓసారి చూడండి. జివ్వుమంటోంది."

చూశారు. "రాయిలా ఉందండి."

"పై వరసలో?"

"అన్నీ బాగున్నాయి."

ఇంత మంచి వార్త విని అంత దిగులుగా మెట్లు దిగినవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం ఒకే గదిలో కూర్చున్నాం. నేను సొరంగం కథ ఎత్తుకున్నాను. మా ఆవిడ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "ఏమన్నారు?" అంది. నేను చెప్పేలోపే మళ్ళీ పెట్టేసుకుంది. "లింక్ పెట్టు నాన్నా, తర్వాత చూస్తా," అంది మా అమ్మాయి. మా అబ్బాయి తన ఫోన్‌లో దేనికో పడీ పడీ నవ్వుతున్నాడు. ఎందుకురా అంటే, "నీకు అర్థం కాదులే," అన్నాడు. నా అభిప్రాయం తప్పని అనడానికైనా ఆ గదిలో ఎవరికీ తీరిక లేదు.

కొన్నాళ్ళకి మందుల షాపు దగ్గర డాక్టరుగారు కలిశారు. "పన్నెలా ఉందండీ?" అన్నారు.

"దివ్యంగా ఉంది," అన్నాను నీరసంగా.

ఆయన వెళ్ళబోయి ఆగారు. "మా ఇంట్లో నా సినిమా కబుర్లు ఎవరూ వినరండీ. పేషెంట్లే దిక్కు. వాళ్ళకి తప్పదు కదా. ఆదివారం క్లినిక్‌కి సెలవు. రండి, తీరిగ్గా కూర్చుందాం. ఈసారి మీరూ మాట్లాడచ్చు."

ఆదివారం ఆయన ఫ్లాస్కులో టీ తెచ్చారు. రెండు స్టూళ్ళు ఎదురెదురుగా వేశారు. నేను గొంతు సవరించుకుని, "అసలు ఆ చీకటి ఎందుకు పెట్టాడంటే..." అన్నాను. ఆయన ఫోన్ టింగుమంది. "ఒక్క నిమిషమండీ," అన్నారు. ఈలోగా ఆ సీను వెతికి చూపిద్దామని నేనూ నా ఫోన్ తీశాను. సీను కన్నా ముందు ఎవరిదో పెళ్ళి ఫోటో వచ్చింది. దాని కింద గొడవ ఒకటి. దాని కింద ఇంకొకటి.

తలెత్తేసరికి టీ చల్లారి మీగడ కట్టింది. డాక్టరుగారి బొటనవేలు ఫోన్ అద్దం మీద పైకీ కిందకీ జారుతోంది. ఆయనా తలెత్తారు. దొంగల్లా చూసుకున్నాం.

అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ ఆయన నాతో అంత మనసు పెట్టి మాట్లాడింది నా రసికత చూసి కాదు, రెండు చేతులూ నా నోట్లో ఇరుక్కుని ఉండబట్టి. నేనంత శ్రద్ధగా విన్నది సంస్కారంతో కాదు, కదిలితే డ్రిల్లు దిగుతుందని.

డాక్టరుగారు లేచారు. రెండు ఫోన్లూ తీసుకెళ్ళి, పరికరాలు పెట్టే స్టీలు డబ్బాలో పడేసి మూత బిగించారు. సొరుగులోంచి గ్లవ్స్ తీశారు.

"ఇవాళ కుర్చీలో ఎవరం పడుకుందామంటారు?" అన్నారు, చాలా మామూలుగా.

గ్లవ్స్ నాకు కాస్త బిగుతయ్యాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచారు. నేను లైటు సర్ది, నాలుగు ముక్కలు దూది లోపల పెట్టి, తీరిగ్గా మొదలుపెట్టాను.